ఖాళీ గళ్ళు, నల్ల సోయా

మన భాషలో ‘ఎంచడం’ అన్న ఒక్క మాట మూడు పనులు చేస్తుంది. లెక్కపెట్టడం, ఏరుకోవడం, తప్పులు పట్టడం. నేను ముప్పై ఏళ్ళకు పైగా సోయా గింజలను ఎంచి బతికాను. మొదటి రెండు పనులూ జీతానికి చేశాను. మూడోది ఇంట్లో ఉచితంగా చేస్తుంటానని మావారి ఫిర్యాదు.

ఈమధ్య ఈ వృత్తిలో కొత్తగా చేరిన ఇద్దరమ్మాయిలు అమీర్‌పేటలో మా ఫ్లాటుకు వచ్చారు. అసలు ఈ ఉద్యోగంలో ఏం చేయాలి మేడమ్ అని అడిగారు. కాఫీ ఇచ్చి, నాకు తోచింది చెప్పి పంపాను. వాళ్ళు లిఫ్టు ఎక్కాక ఆలోచిస్తే, నేను చెప్పినదంతా వాళ్ళ పాఠ్యపుస్తకంలో ఉన్నదే. లేనిది చెప్పాల్సింది. అందుకే ఇది రాస్తున్నాను. నా ప్రమోషన్ల సంగతి రాయను. రాసినా ఒక పేరాకు సరిపోవు.

పంజాగుట్టలో చలిగది

మా విత్తన నిధి పంజాగుట్టలో ఒక సందు చివర, పాత మూడంతస్తుల భవనంలో ఉండేది. నిధి అంటే పెద్దగా ఊహించుకోకండి. కింది అంతస్తులో ఒక చలిగది, పైన రెండు గదుల ఆఫీసు. సందు మొదట్లో నగల దుకాణాలు ఉండేవి. మా చలిగది తలుపు వాళ్ళ ఖజానా తలుపు కంటే మందంగా ఉండేది. మాది చూసి ఎవరూ ఆశపడకపోవడానికి కారణం లోపల ఉన్నవి చిక్కుడు జాతి గింజలని సందంతా తెలియడమే.

లోపల రాక్‌ల మీద రేకు సంచులు ఉండేవి. సంచికో నంబరు. ఒక్కో నంబరు వెనుక ఎక్కడో ఒక ఊరు, ఆ ఊళ్ళో ఒక రైతు ఇచ్చిన పిడికెడు గింజలు. దాన్ని మేం ‘నమూనా’ అంటాం. పసుపువి, ఆకుపచ్చవి, గోధుమరంగువి, కొండ ప్రాంతాల నుంచి వచ్చిన చిన్న చిన్న నల్లవి. సోయా అంటే మా అపార్ట్‌మెంట్‌లో తెలిసింది మీల్‌మేకరే. పై అంతస్తు ఆవిడ చాలాకాలం నన్ను మీల్‌మేకర్ కంపెనీ ఉద్యోగి అనుకున్నారు.

“మీ ఆఫీసులో స్టాఫ్‌కు చవగ్గా ఇస్తారా అండీ?” అని ఒకసారి లిఫ్టులో అడిగారు.

“మా దగ్గర మీల్ లేదండీ, మేకరే ఉంది,” అన్నాను. ఆవిడకు అర్థం కాలేదు. నిజానికి అది అర్థమయ్యేంత గొప్ప జోకు కాదు.

సోయాకు ఒక పెద్ద బలహీనత ఉంది. దాని ప్రాణం గట్టిది కాదు. మినుములు డబ్బాలో మరిచిపోయి మరుసటేడు చల్లినా మొలుస్తాయి. సోయా మన ఎండాకాలం ఒక్కటి దాటితే చాలు, సగం చచ్చిపోతుంది. చలిగదిలో పెడితే ఇంకొంతకాలం ఉంటుంది గానీ, ఎప్పటికీ ఉండదు. ఎప్పటికప్పుడు కొంచెం మొలకెత్తించి చూసుకోవాలి. నీరసపడిన నమూనాను పొలంలో వేసి కొత్త గింజ తీసుకోవాలి. మా ఉద్యోగంలో సగం ఆయుర్దాయం పరీక్షలే.

పదిలో ఒకటి

కొత్త రకాలు తయారుచేసే శాస్త్రవేత్త మా దగ్గరికి వచ్చి, నాకు ఫలానా లక్షణం ఉన్న గింజ కావాలి అంటాడు. మొత్తం నిధిని అతని ముందు కుమ్మరించలేం. అన్నిటినీ పరీక్షించాలంటే అతని సర్వీసు సరిపోదు. అందుకని పదింటికి ఒకటి చొప్పున ఏరి ఒక చిన్న సెట్టు చేస్తాం. మిగతా తొమ్మిదిలో ఉన్న వైవిధ్యమంతా ఆ ఒక్కదానిలో కనిపించాలి. అవి ప్రతినిధులన్నమాట.

ఇక్కడ కొత్తవాళ్ళు చేసే పొరపాటు ఒకటుంది. మంచివాటిని ఏరుతారు. నేనూ చేరిన కొత్తలో బాగా కాసేవన్నీ ఏరి, జాబితా పట్టుకుని మా అధిపతి శేషగిరిరావు గారి దగ్గరికి వెళ్ళాను. ఆయనది భీమవరం వైపు. మాట మెత్తన, పెన్ను మొన పదును. జాబితా చూసి కళ్ళజోడు పైకి తోశారు.

“ఇదేంటమ్మా, పెళ్ళికొడుకుల లిస్టా?”

“మంచివన్నీ ఏరాను సార్.”

“మంచివి ఎవరైనా ఏరతారు. పొట్టిది, ఆలస్యంగా పూసేది, ఎండగానే కాయ పగిలిపోయేది, వాటినెవరు ఏరతారు? అది మనకు నచ్చిందా లేదా అన్నదానితో పని లేదు. తనలాంటిది ఇంకోటి సెట్టులో ఉందా లేదా, అది చూడండి.”

ఆ మాట తర్వాత మా అపార్ట్‌మెంట్‌లోనే రుజువైంది. ఒక ఏడాది కమిటీకి ముగ్గురు ప్రతినిధులను ఎన్నుకున్నాం. ముగ్గురూ పెద్దమనుషులు, ముగ్గురూ నిజాయతీపరులు, ముగ్గురూ మొదటి అంతస్తువాళ్ళు. ఆ ఏడాదంతా లిఫ్టు బాగుకాలేదు. వాళ్ళ తప్పేం లేదు, వాళ్ళకు లిఫ్టు గుర్తుకొచ్చే సందర్భం రాలేదు.

సెట్టు చేయడానికి ముందు అన్ని నమూనాలనూ ఊరి బయట మా పొలంలో ఒకేసారి విత్తుతాం. ఒకే రోజు, ఒకే లోతు, ఒకే నీళ్ళు. ఎవరికీ ప్రత్యేక మర్యాద ఉండదు. ఏది ఎప్పుడు పూసింది, ఎంత ఎత్తు పెరిగింది, ఎన్ని కాయలు, గింజ బరువెంత అన్నవన్నీ కొలిచి కంప్యూటర్‌లో ఎక్కిస్తాం. నమూనాకో వరస, లక్షణానికో గడి. తర్వాత ఒకదానితో ఒకటి పోలినవాటిని గుంపులు చేసి, ప్రతి గుంపు నుంచీ కొన్ని తీసుకుంటాం. ఇదీ పద్ధతి. పద్ధతి మంచిదే. దాన్ని మేం మరీ పద్ధతిగా చేశాం, అక్కడ వచ్చింది చిక్కు.

భవనం ఖాళీ చేయమన్నారు

మెట్రో వచ్చాక మా సందులో స్థలం విలువ మాకంటే ముందు భవనం యజమానికి తెలిసింది. కూలగొట్టి కొత్తది కట్టుకుంటానన్నాడు. మా సంస్థ పొలం దగ్గరే ఒక చలిగది కట్టించింది గానీ, అది పాతదానిలో సగమే. శేషగిరిరావు గారు నన్ను పిలిచి కూర్చోబెట్టారు.

“ముందు చచ్చినవి తీసేద్దామమ్మా. రెండుసార్లు పరీక్షలో మొలవక, పొలంలోనూ లేవకపోతే ఇంక వాటికి చలిగది దేనికి? తర్వాత ప్రతినిధుల సెట్టు చేయండి. సెట్టుకు మొదటి చోటు. మిగిలిన చోటు మిగిలినవాటికి.”

చచ్చినవాటిని రెండు లాట్లుగా తీయాలని నిర్ణయించాం. మొదటి లాటు వెంటనే దాణా మిల్లుకు వెళ్ళిపోయింది. రెండో లాటు అట్టపెట్టెల్లో సర్ది, చలిగది బయట వసారాలో పెట్టాం. సామాను తరలించే వ్యాను వచ్చినప్పుడు అవీ వెళ్ళాలి.

ఇక సెట్టు చేయాలి. మా గణాంకాల ఉద్యోగి అంతకుముందే వేరే చోటికి వెళ్ళిపోయాడు, బదులు ఎవరూ రాలేదు. శేషగిరిరావు గారు కాసేపు నా వైపు చూసి, “మీ ఇల్లు అమీర్‌పేటలోనే కదమ్మా. అక్కడ నేర్పని విద్య ఏదైనా ఉందా?” అన్నారు.

అమీర్‌పేటలో విద్యార్థిని

అలా యాభై దాటిన వయసులో, మా ఇంటికి రెండు వీధుల అవతల, ఒక బేకరీ పైన ఉన్న కోచింగ్ సెంటర్‌లో గణాంకాల కోర్సులో చేరాను. మా బ్యాచ్‌లో నా వయసుకు దగ్గరగా ఉన్నది పైన తిరిగే ఫ్యాను ఒక్కటే. మా ఇద్దరి నుంచీ ఒకేరకం చప్పుళ్ళు వచ్చేవి. పక్క కుర్చీలో కృష్ణానగర్ నుంచి వచ్చే జూనియర్ ఆర్టిస్టు ఒకతను షూటింగ్ ఉన్న రోజుల్లో కానిస్టేబుల్ మీసంతోనే క్లాసుకు వచ్చేవాడు. నేను హాజరు పలికేటప్పుడు భయంగా పలికేదాన్ని.

పాఠం చెప్పే నరేష్‌ది జగిత్యాల దగ్గర ఊరు, యూసుఫ్‌గూడలో రూము. చాలా తెలివైనవాడు, చాలా తొందరవాడు. గంటలో మూడు గంటల పాఠం చెప్పేవాడు. నా సోయా పట్టిక అతనికి చూపించాను. అందులో అక్కడక్కడా ఖాళీ గళ్ళున్నాయి. పొలంలో సరిగా లేవని నమూనాలకు కొలతలు ఎలా ఉంటాయి? ఖాళీగా వదిలేశాం.

“మేడమ్, గీ ఖాళీలుంటే సాఫ్ట్‌వేర్ మొరాయిస్తది,” అన్నాడు నరేష్. “ఖాళీ ఉన్న లైన్లు తీసేయుండ్రి. నీట్‌గ అయితది.”

“తీసేస్తే పర్లేదా?”

“మస్తు మంది గట్లనే చేస్తరు మేడమ్. ఏం ఫికర్ లేదు. అసలు ఖాళీలు ఎందుకొస్తయో నెక్స్ట్ క్లాసుల చెప్త.”

తీసేశాను. నిజంగానే నీట్‌గా అయింది. గుంపులు విడిపోయాయి, ప్రతినిధులు వచ్చారు. జాబితా చూసి శేషగిరిరావు గారు మొదటిసారి పెన్ను మూతపెట్టి మరీ చదివారు. పొట్టివీ ఉన్నాయి, పొడుగువీ ఉన్నాయి, ఇప్పుడు కుదిరిందమ్మా అన్నారు. ఆ సంతోషంలో తర్వాతి క్లాసుకు నేను వెళ్ళలేదు.

మల్లేశం మెట్లెక్కి వచ్చాడు

డాక్టర్ మల్లేశం మా సంస్థలోనే కొత్త సోయా రకాలు తయారుచేసే శాస్త్రవేత్త. నిర్మల్ వైపు మనిషి. ఇప్పటికీ వాళ్ళన్నదమ్ములు అక్కడ సోయా వేస్తారు. నాకంటే చిన్నవాడు, నన్ను అక్కా అంటాడు, పోట్లాడేటప్పుడు కూడా. అతను ఏళ్ళ తరబడి వెతికేది ఒక్కటే, రైతు ఇంట్లో బస్తాలో ఎండాకాలమంతా ఉండి, వానకు మళ్ళీ మొలిచే సోయా. అలాంటి తల్లి గింజ ఒక్కటి దొరికితే దాని గుణాన్ని మంచి రకంలోకి తేవచ్చు. దొరక్కపోతే ఆ ఏడాదితో అతని ప్రాజెక్టు మూసేసి, మొక్కజొన్న విభాగానికి పంపుతామని పైవాళ్ళు చెప్పేశారు.

నా ప్రతినిధుల సెట్టు అతనికే మొదట ఇచ్చాను. అతని పరీక్ష సులువుగా చెప్పాలంటే, గింజలను వేడి, తేమ ఉన్న పెట్టెలో కొన్నాళ్ళు ఉంచుతాడు. ఎండాకాలం చేసే పనిని ఆ పెట్టె త్వరగా చేసేస్తుంది. ఆ తర్వాత మొలిచినవే గట్టివి.

ఒక మధ్యాహ్నం మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చి నా ముందు కూర్చున్నాడు.

“అక్కా, నీ ప్రతినిధులందరు ఒక్కతీరే సచ్చిన్రు.”

“ఒక్కటీ మొలవలేదా?”

“ఒకటి రెండు ముక్కి మూలిగి లేచినయ్. గవి నాకు అక్కరకు రావు. సోయా సెట్టు చేసినోళ్ళకు జర సోయి ఉండాలె గదా.”

సోయి అంటే తెలివిడి, స్పృహ అని నాకు తెలుసు. కోస్తా దాన్ని కాబట్టి తెలియనట్టు కూర్చున్నాను. ఈ సౌకర్యాన్ని నేను హైదరాబాద్‌లో చాలాసార్లు వాడుకున్నాను.

“ఉన్న వైవిధ్యమంతా అందులో ఉంది మల్లేశం. అన్ని ఎత్తులూ, అన్ని రంగులూ...”

“అన్ని రంగులా? నల్లయి ఏవి మరి?”

ఉంటాయిలే అంటూ జాబితా తీశాను. పసుపు, ఆకుపచ్చ, గోధుమ, మచ్చలవి. మళ్ళీ మొదటి నుంచి చూశాను. నలుపు ఒక్కటి కూడా లేదు. మా నిధిలో నల్ల గింజల నమూనాలు తక్కువేమీ కాదు. కొండ ఊళ్ళ నుంచి వచ్చినవి ఒక రాక్ నిండా ఉండేవి.

అసలు పట్టిక తెరిచి, రంగు ప్రకారం వరసలు సర్దాను. నల్లవి ఒకచోటికి వచ్చాయి. వాటి పక్కన గళ్ళు దాదాపు అన్నీ ఖాళీ. మొలవలేదు, లేవలేదు, కొలవలేదు. నేను నీట్‌గా తీసేసిన వరసలు అవే. వసారాలో అట్టపెట్టెల్లో ఉన్నవీ చాలావరకు అవే.

మల్లేశం నా భుజం మీదుగా చూస్తున్నాడు. “వ్యాను ఎప్పుడొస్తది?” అన్నాడు.

“ఎల్లుండి.”

గ్లాసులో గింజలు

ఆ సాయంత్రం కోచింగ్ సెంటర్‌కు వెళ్ళాను. నరేష్ బోర్డు తుడుస్తున్నాడు.

“ఆ ఖాళీ లైన్లు తీసేయమన్నావు కదా బాబూ, అన్నీ నల్లవే పోయాయి.”

“ఎవరు ఖాళీ పెట్టిన్రో చూడకుండ తీసేసిన్రా మేడమ్?” అతను నిజంగా కంగారుపడ్డాడు. “నెక్స్ట్ క్లాసంత గదే గదా చెప్పిన. లోన్ అప్లికేషన్ల జీతం గడి ఖాళీ పెట్టినోళ్ళను తీసేస్తే, జీతం లేనోళ్ళందరు ఒక్కసారే ఎగిరిపోతరు. బ్యాంకోడు ఊర్ల అందరికి ఉద్యోగాలున్నయ్ అనుకుంటడు.”

“నేను ఆ క్లాసుకు రాలేదు.”

“అయ్యో మేడమ్,” అన్నాడు. మందలింపుగా అనలేదు, మార్కులు తగ్గిన పిల్లను చూసినట్టు అన్నాడు. ఇంకో బ్యాచ్‌లో ఉచితంగా కూర్చోమన్నాడు.

కానీ ఖాళీలు నల్లవాటికే ఎందుకు వచ్చాయన్నది నరేష్ చెప్పగలిగింది కాదు. అది మా ఇంటి పని. మర్నాడు పొద్దున్నే ఆఫీసుకు వెళ్ళి, అట్టపెట్టె విప్పి, మూడు నల్ల నమూనాల నుంచి కొన్ని గింజలు తీసుకున్నాను. రెండు స్టీలు గ్లాసుల్లో నీళ్ళు పోసి, ఒకదానిలో నల్లవి, ఇంకోదానిలో ఎప్పుడో చచ్చాయని ఖాయంగా తెలిసిన పసుపువి వేశాను. మధ్యాహ్నానికి పసుపువి ఉబ్బి, తోలు ముడతలుపడి, నీళ్ళు పాలలా తెల్లబడ్డాయి. చచ్చిన గింజ కూడా నీళ్ళు తాగుతుంది, కుళ్ళుతుంది, వాసనేస్తుంది. నల్లవి వేసినవి వేసినట్టే ఉన్నాయి. గ్లాసు కదిపితే అడుగున గలగలలాడాయి. రాత్రి అలసందలు నానబెడితే పొద్దున ఒకటీ అరా రాళ్ళలా మిగిలిపోయి పంటికింద పడతాయే, అలా.

మల్లేశం గ్లాసు చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు.

“నీళ్ళే లోపటికి పోలేదక్కా. ఇగ మొలుచుడు ఎట్ల?”

ఇందులో మా తప్పు ఎక్కడుందో కొత్తవాళ్ళు జాగ్రత్తగా చూడాలి. గట్టి తోలున్న గింజలు నీళ్ళు తాగవని మాకు తెలియక కాదు. పెసలు, ఉలవలు చూసేవాళ్ళు గింజ మొలవకపోతే మొదట తోలునే అనుమానిస్తారు. మేం సోయావాళ్ళం. సోయా తోలు పలచన, ప్రాణం పలచన. పొద్దస్తమానం చచ్చిపోయే పంటతో కాపురం చేసి చేసి, మొలవని సోయా కనపడగానే చచ్చింది అని రాసేయడం మా చేతికి అలవాటైంది. పరీక్ష గదిలో అదే రాశాం. పొలంలోనూ అదే జరిగింది. అన్నిటినీ ఒకే రోజు, ఒకే లోతులో వేశాం, పక్కవి లేచాయి, ఇవి మట్టిలో గట్టిగా కూర్చున్నాయి. మల్లేశం ఏళ్ళుగా వెతికే గుణం, ఎండకూ తేమకూ లొంగకపోవడం, ఉంటే గింటే ఆ తోలులోనే ఉండాలి. ఆ గుణం వల్లే అది మా జాబితాలోకి రాలేదు.

అయితే ఇదంతా ఊహే. తోలు గట్టిదైనంత మాత్రాన లోపల ప్రాణం ఉందని కాదు. చూడాలి. చూడటానికి వ్యాను ఆగాలి.

వ్యాను

శేషగిరిరావు గారు అప్పటికే భవనం యజమానితో ఫోన్‌లో రెండుసార్లు మాటపడి ఉన్నారు.

“ఏంటమ్మా, రెండుసార్లు పరీక్షించి చచ్చాయన్నది మీరే కదా?”

“అవి చావలేదేమో సార్. నీళ్ళు తాగలేదు, అంతే.”

“ఏమో అంటే ఎలా? రేపు వ్యాను వాపస్ పంపితే ఆ ఓనర్ నన్ను వీధిలో నిలబెడతాడు. ఏమో కోసం చోటు ఎక్కడుంది?”

మల్లేశం జేబులోంచి ఒక గింజ తీసి ఆయన బల్ల మీద పెట్టాడు. “సార్, నన్ను మొక్కజొన్నకు పంపితే పోత. గది వేరే ముచ్చట. గని ఇయ్యి మిల్లుకు పోతే మళ్ల ఎక్కడికెల్లి తెస్తం? గా ఊర్లల్ల సుత ఇప్పుడు అందరు పసుపుయే ఏస్తున్నరు.”

ఆయన ఆ గింజను పెన్ను మొనతో అటూ ఇటూ దొర్లించారు. చివరికి అన్నారు, “వ్యాను సామానుతో వెళ్తుంది. పెట్టెలు ఆగుతాయి. వచ్చే వారం దాకా. ఓనర్ వస్తే ఇవి నా సొంత సామాను అని చెబుతాను.”

ఆయన ఆ మాట నిజంగానే చెప్పారు. రిటైరయ్యే ముందు పెద్దాయన ఆఫీసు అట్టపెట్టెలు సొంతానికి తీసుకెళ్తున్నాడని సందులో కొన్నాళ్ళు చెప్పుకున్నారు.

గోళ్ళ కత్తెర

ప్రయోగశాల పరికరాలన్నీ అప్పటికే కొత్త చోటికి వెళ్ళిపోయాయి. నా హ్యాండ్‌బ్యాగులో గోళ్ళ కత్తెర ఉంది. గింజ కాయకు అంటుకుని ఉండే చోట ఒక చిన్న కన్ను ఉంటుంది. మొలక దాని పక్క నుంచే వస్తుంది కాబట్టి అటు తాకకూడదు. వెనుక వైపు తోలు మాత్రమే, నీరు దూరేంత, చిటుకుమని తుంచాలి. మొదటి గింజలు కొన్నిటిని నేను రెండు ముక్కలు చేశాను. మల్లేశం కత్తెర లాక్కున్నాడు.

“నువ్వు గోర్లు గిట్లనే తీస్తవా అక్కా? బావకు చేతులు సక్కగున్నయా?”

తుంచిన గింజలను తడి కాగితం మీద వరసగా పేర్చి, చాపలా చుట్టి, నిలువుగా బకెట్లో నిలబెట్టాం. ప్రతి చుట్టకూ నమూనా నంబరు. ఆఫీసులో కుర్చీలు కూడా వెళ్ళిపోయాయి కాబట్టి నేల మీద కూర్చుని చేశాం. కింద సందులో ట్రాఫిక్ మోత, పక్కన మెట్రో వెళ్ళినప్పుడు కిటికీ అద్దాల వణుకు.

చుట్టలు విప్పిన రోజు శేషగిరిరావు గారు పిలవకుండానే వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. మొదటి చుట్టలో ఏమీ లేదు. గింజలు మెత్తబడి కుళ్ళాయి. రెండోదీ అంతే. మల్లేశం మొహం నేను చూడలేదు. మూడో చుట్ట విప్పితే ప్రతి నల్ల తోలు చివరా తెల్లటి మొలక, వేలి కణుపంత. నాలుగోది కూడా. తర్వాత మళ్ళీ ఒకటి ఖాళీ. అలా కొన్ని ఉన్నాయి, కొన్ని లేవు. అన్నీ బతికాయని రాయాలని నాకూ ఉంది గానీ, కొన్ని నిజంగానే చచ్చాయి. వాటి విషయంలో మా రాత సరైనదే.

బతికిన నమూనాల నుంచి తుంచని గింజలు తీసుకెళ్ళి మల్లేశం తన వేడి పెట్టెలో పెట్టాడు. నా ప్రతినిధులు పోయిన పెట్టె అదే. ఫలితం ఫోన్‌లో చెప్పాడు. “తుంచినంక లేచినయ్ అక్కా. మస్తు లేచినయ్.” ఫోన్ పెట్టేయడం కూడా మరిచిపోయినట్టున్నాడు. అటు వైపు అతను ఎవరినో చాయ్ తెమ్మనడం వినిపించింది.

లోపలికి ఒకటి, బయటికి ఒకటి

సెట్టు మళ్ళీ చేశాను. ఈసారి ఖాళీ గడి ఉన్న వరసలన్నిటినీ విడిగా ఒక గుంపుగా పెట్టి, అవి ఎందుకు ఖాళీ అయ్యాయో ఒక్కోదాని గురించి రాసి, ఆ గుంపు నుంచి కూడా ప్రతినిధులను తీసుకున్నాను. చలిగది పెరగదు కాబట్టి నల్లది ఒకటి లోపలికి వస్తే పసుపుది ఒకటి బయటికి పోవాలి. ఇది ఎవరూ పుస్తకాల్లో రాయని భాగం. ఏది పోవాలన్నది కంప్యూటర్ చెప్పినా, తీసే చెయ్యి మనది. ఒకదానికొకటి అన్ని గళ్ళలోనూ పోలిన జంటలను వెతికి, ఒకదాన్ని ఉంచి ఒకదాన్ని తీశాను. తీసినవాటిని మిల్లుకు పంపకుండా వేరే సంస్థల నిధులకు ఇచ్చాం.

మల్లేశానికి ప్రాజెక్టు పొడిగించారు, మొక్కజొన్నకు పంపలేదు. అతను ఆ నల్లవాటితో సంకరాలు చేసి, తోలు గుణం పట్టుకున్నాడు గానీ, రంగు కూడా వెంట వస్తోంది. నూనె మిల్లులు నల్ల గింజ కొనవు. గింజ పరిమాణం కూడా చిన్నది. తోలు మరీ గట్టిగా వస్తే రైతు చేలోనూ మొలవదు, మరీ మెత్తగా వస్తే బస్తాలో ఉండదు. ఇంకా చేస్తున్నాడు. ఏటా ఫోన్ చేసి, ఈసారి కొంచెం పసుపు తిరిగింది అంటాడు. ఇలాంటి పనులు ఒకరి సర్వీసులో అయ్యేవి కావని ముందే తెలుసుకుని చేరండి.

కొత్త చలిగదిలో రాక్‌లు సర్దే రోజు నేనూ, మల్లేశం, శేషగిరిరావు గారూ ఉన్నాం. చోటు చాలక ఒక్కో సంచిని పుస్తకాల్లా నిలువుగా కుక్కుతున్నాం. శేషగిరిరావు గారు మొదటి లాటు సంగతి అడిగారు. అప్పటికే మిల్లుకు వెళ్ళి దాణా అయిపోయిన లాటు అది.

“అందులో నల్లవి ఉన్నాయా అమ్మా?”

“ఉన్నాయి సార్.” నంబర్లు చెప్పాను.

“వాటిలో బతికినవి ఎన్ని ఉండుంటాయి?”

“చెప్పలేం సార్.”

ఆయన రాక్‌ల వెంట నడిచి, చివరి రాక్‌లో ఒక అర దగ్గర ఆగారు. అందులో మేం అప్పుడే సర్దిన సంచులను తనే తీసి, మిగతా అరల్లోకి ఇరికించారు. మిల్లుకు పోయిన ఆ నల్లవాటి నంబర్లూ ఊళ్ళ పేర్లూ రాసిన చీటీలు అడిగి తీసుకుని, ఒక్కోటీ ఆ ఖాళీ అర అంచున అతికించారు. జీవితమంతా అంగుళం చోటు కోసం నాతో వాదించిన మనిషి.

“సార్, ఇంత జాగ ఉంటే నా గింజలు సుత పెట్టుకుంటుంటి గదా,” అన్నాడు మల్లేశం.

“నీ గింజలు ఉన్నాయి కదయ్యా,” అన్నారాయన.

తర్వాత ఆయన రిటైరయ్యారు, కొన్నేళ్ళకు నేనూ అయ్యాను. ఆ నంబర్ల కోసం మేం తెలిసిన విత్తన నిధులన్నిటికీ రాశాం. ఒకప్పుడు మా నమూనాలు పంచుకున్నవాళ్ళ దగ్గర రెండు దొరికాయి. చావలేదని తేల్చుకుని అరలో పెట్టాం. మిగతావాటికి ఆ కొండ ఊళ్ళ పేర్లు మాత్రం ఉన్నాయి, గింజ లేదు.

మా ఇంటికి వచ్చిన ఆ ఇద్దరమ్మాయిల్లో ఒకరు కాఫీ తాగుతూ అడిగారు, చివరి రాక్‌లో ఒక అర దాదాపు ఖాళీగా ఉంది మేడమ్, కొత్త నమూనాలు చాలా వస్తున్నాయి, అందులో పెట్టేయమంటారా అని. వద్దన్నాను. కారణం ఆ రోజు సరిగా చెప్పలేకపోయాను. ఇదంతా చదివాక ఆ అమ్మాయికి అక్కడికి వెళ్ళాలనిపిస్తే, ఊళ్ళ పేర్లు చీటీల మీదే ఉన్నాయి. ఎవరైనా ఇంకా నల్లవి దాచుకున్నారేమో ఇళ్ళలో అడగాలి. వానాకాలం పంట ఇంటికి చేరాక వెళ్తే మంచిది.